స్నేహితులే చెడగొట్టారా? పర్లాకిమిడి తల్లికి నా జవాబు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకు కూడా తెలియడానికి క్లుప్తంగా చెబుతాను. మీరు ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటున్నారు. అబ్బాయికి పదిహేనేళ్లు. నిరుడు తొమ్మిదో తరగతి తప్పి, ఇప్పుడు తనకన్నా చిన్నవాళ్లతో అదే తరగతిలో కూర్చుంటున్నాడు. తండ్రి సూరత్‌లో మగ్గాల పనిలో ఉన్నారు, ఏడాదికి రెండుసార్లు వస్తారు. మొదట పుస్తకాల సంచిలో గుట్కా పొట్లాలు కనిపించాయి. పోయిన వారం సైకిల్ పంక్చర్లకు వాడే సొల్యూషన్ ట్యూబు, ఆ వాసన కొట్టే చేతిగుడ్డ దొరికాయి. మహేంద్రతనయ నది ఒడ్డున కూర్చునే నలుగురు పెద్ద కుర్రాళ్లే వాడిని చెడగొట్టారని మీ నమ్మకం. మీ అన్నయ్యేమో ఆంధ్రలోని టెక్కలి తీసుకుపోయి హాస్టల్లో పడేస్తానంటున్నారు. వాళ్ల నుంచి వాడిని ఎలా విడదీయాలి అన్నది మీ ప్రశ్న.

నేను పుట్టింది పర్లాకిమిడిలోనే. బరంపురంలో వ్యసన విముక్తి కేంద్రంలో కౌన్సెలర్‌గా ఇరవై రెండేళ్లు పనిచేశాను. డాక్టరును కాను. ఈ వయసు పిల్లలతోనూ, అంతకన్నా ఎక్కువగా వాళ్ల తల్లులతోనూ కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను.

ముందు ప్రాణం సంగతి. గుట్కా నెమ్మదిగా చెరుస్తుంది, దానితో పోరాడడానికి వ్యవధి ఉంటుంది. సొల్యూషన్ అలా కాదు. అందులో టొలుయీన్ వంటి, ఇట్టే ఆవిరయ్యే ద్రావకాలుంటాయి. అవి పీల్చినప్పుడు గుండె, హడలినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్‌కు విపరీతంగా స్పందించే స్థితిలో ఉంటుంది. ఆ సమయంలో హడలిపోయినా, పరుగెత్తినా గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. మొదటిసారి పీల్చినవాళ్లు కూడా ఇలా పోయిన సందర్భాలు వైద్యులకు తెలుసు. కాబట్టి వాడు పీలుస్తూ కంటపడితే అరవకండి, తరమకండి. మీ అన్నయ్యను కర్ర పట్టుకుని నది ఒడ్డుకు వెళ్లనివ్వకండి. మెల్లగా పిలిచి గాలి తగిలేచోట కూర్చోబెట్టండి. దగ్గరలో పొయ్యి, అగ్గిపుల్ల లేకుండా చూడండి, ఆ ఆవిరి భగ్గున అంటుకుంటుంది. మగతగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. తిట్లు, ఏడుపులు అన్నీ మరునాటికి వాయిదా వేయండి.

ఇది మీ ఇంటికి మాత్రమే వచ్చిన కష్టం కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం ఢిల్లీ ఎయిమ్స్‌తో చేయించిన దేశవ్యాప్త సర్వే నివేదిక వెలువడింది. అందులో పెద్దవాళ్లలో కన్నా పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఈ పీల్చే రకం ఒక్కటే: పది నుంచి పదిహేడేళ్ల వాళ్లలో 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం. కారణం వెతకనక్కరలేదు. సారా కొట్టువాడు పదిహేనేళ్లవాణ్ణి చూసి ఒక్క క్షణమైనా తటపటాయిస్తాడు. పంక్చర్ల కొట్టువాడు ఎందుకు తటపటాయిస్తాడు?

ఇక మీరు అడిగిన ప్రశ్న. "స్నేహితులే చెడగొట్టారు" అనే మాట నాతో అనని తల్లి లేదు. ఆ నలుగురు కుర్రాళ్ల తల్లులు వచ్చినా మీ అబ్బాయిని చూపించి అదే మాట అంటారు. నవ్వుకోవడానికి చెప్పడం లేదు, నిజంగానే ఒకే జట్టులోని ముగ్గురు పిల్లల తల్లులు ఒకే నెలలో వచ్చి, ఒకరి బిడ్డ మీద ఒకరు నాకు చెప్పుకున్నారు.

సంగతేమిటంటే ఇది రెండు వైపుల నుంచీ జరుగుతుంది. అమెరికాలో డెనీస్ కాండెల్ అనే సామాజిక శాస్త్రవేత్త న్యూయార్క్ రాష్ట్రంలోని హైస్కూలు పిల్లల స్నేహాలను ఒక విద్యా సంవత్సరం మొదట్లో ఒకసారి, చివర ఒకసారి పరిశీలించి 1978లో ఫలితాలు ప్రచురించారు. ఒకలాంటి అలవాట్లున్న పిల్లలు ముందే ఒకరినొకరు వెతుక్కుని జతకట్టడం ఒకటి, జతకట్టిన తరువాత ఒకరిలాగా మరొకరు మారడం మరొకటి. ఈ రెండింటి వాటా ఇంచుమించు సమానమని ఆమె తేల్చారు. అంటే ఆ నలుగురూ మీ అబ్బాయిని ఎంచుకున్నట్టే మీ అబ్బాయీ వాళ్లను ఎంచుకున్నాడు. ఎందుకు ఎంచుకున్నాడన్నది వాళ్ల చెడ్డతనం కన్నా ముఖ్యమైన ప్రశ్న.

మీరు రాసిన దాంట్లోనే నాకు జవాబు కనిపించింది. తప్పిన పిల్లవాడికి బడిలో రెండు చోట్లా కాలు నిలవదు. నిరుటి స్నేహితులు పదో తరగతిలో పరీక్షల హడావిడిలో ఉంటారు. ఇప్పటి తరగతివాళ్లు వాడిని "అన్నా" అని పిలిచి వెనక నవ్వుతారు. నది ఒడ్డున కూర్చునేవాళ్లకు తొమ్మిది తప్పాడా పది తప్పాడా అన్న పట్టింపు లేదు. ఊళ్లో వాడిని మార్కులు అడగని చోటు అదొక్కటే. అక్కడ కూర్చోవడానికి టిక్కెట్టు ఏమిటయ్యా అంటే, ముందు ఒక పొట్లం చింపి నోట్లో వేసుకోవడం, తరువాత గుడ్డ.

బలవంతం చేసి ఉంటారని మీరు ఊహిస్తున్నారు. చాలాసార్లు బలవంతమే ఉండదు. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు కంప్యూటర్ మీద కారు నడిపే ఆట పెట్టారు. పసుపు దీపం వెలిగాక ఎంత దూరం పోతే అన్ని పాయింట్లు, ఆగడం ఆలస్యమైతే గుద్దుకుని అన్నీ పోతాయి. ఒంటరిగా ఆడినప్పుడు పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలు పెద్దవాళ్లకన్నా మరీ తెగించలేదు. ఇద్దరు స్నేహితులు పక్కన ఉన్నప్పుడు మాత్రం వాళ్ల తెంపరితనం బాగా పెరిగింది. పెద్దవాళ్లలో ఆ తేడా లేదు. 2011లో మరో ప్రయోగంలో స్నేహితులను పక్కగదిలో కూర్చోబెట్టి, వాళ్లు చూస్తున్నారని చెప్పి, మెదడు చిత్రాలు తీశారు. మెదడులో బహుమతి ఎదురైతే ఉత్సాహపడే భాగాలు ఆ పిల్లల్లో ఎక్కువ చురుగ్గా కనిపించాయి. "వేసుకోరా" అని ఎవరూ అననక్కరలేదు, చూస్తున్నారన్న స్పృహ చాలు. పగ్గాలు పట్టే ముందరి మెదడు పూర్తిగా ముదరడానికి ఇరవయ్యో పడిలో సగం దాకా పడుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు మీ మాట బుద్ధిగా విని, సాయంత్రం ఒడ్డున మరిచిపోయే పిల్లవాడు అబద్ధాలకోరు కాదు. రెండు చోట్లా వాడి తలకాయ ఒకేలా పనిచేయదు, అంతే.

ఇక్కడ మనసు సంగతి రావాలి. 1994లో లిన్ కూపర్ అనే పరిశోధకురాలు పిల్లలు ఎందుకు తాగుతారో నాలుగు కారణాలుగా విడదీశారు: మజా కోసం, నలుగురితో సరదా కోసం, వేరుగా నిలబడిపోతానన్న భయంతో, బాధ మరిచిపోవడానికి. మద్యం గురించి చెప్పినా మిగతా మత్తులకూ ఇది నాకు చాలావరకు సరిపోయింది. మొదటి రెండూ తల్లులకు భయం పుట్టిస్తాయి, నన్ను భయపెట్టేది నాలుగోది. సరదాకు మొదలుపెట్టినవాడు సరదా తీరితే మానే అవకాశం ఉంది. బాధకు మందుగా పట్టుకున్నవాడికి బాధ రోజూ వస్తుంది.

ఆ బాధకు పేరు పెట్టడం మీ మొదటి పని. "టెన్షన్" అన్న మాటతో సరిపెట్టకండి, ఆ ఒక్క గోతంలో పది వేరువేరు గింజలున్నాయి. మన భాషలో ఎంత చక్కటి మాటలున్నాయో చూడండి: నామోషీ, బెంగ, ఉక్రోషం, విసుగు, దిగులు. ఒక్కొక్కటి ఒక్కో వేళకు వస్తుంది. నామోషీ బడిలో హాజరు పిలిచేటప్పుడు, చుట్టాలు ఏ తరగతి అని అడిగినప్పుడు వస్తుంది. బెంగ సూరత్ ఫోను పెట్టేసిన తరువాత. ఉక్రోషం మీ అన్నయ్య నలుగురి ముందూ తిట్టినప్పుడు. విసుగు బడి వదిలాక చీకటి పడేదాకా. మీ అబ్బాయి ఏ వేళకు బయటికి పోతున్నాడో, దానికి గంట ముందు ఏం జరిగిందో వారం రోజులు గమనించి క్యాలెండరు వెనక రాసుకోండి. వాడిని అడగకుండానే సగం తెలుస్తుంది. నా లెక్కలో మీ వాడిది ముఖ్యంగా నామోషీ. దాన్ని తిట్లతో తగ్గించాలనుకోవడం పుండు మీద కారం చల్లడమే.

మన వైపు దీనికి ఇంకో ముడి ఉంది. 1936లో మన పట్టణం ఒడిశాలో చేరినా ఇళ్లలో తెలుగు పోలేదు. పిల్లలకు బడి ఒడియాలో, వంటిల్లు తెలుగులో. నవ్వులు, తిట్లు, రహస్యాలు అన్నీ సాంగలతో ఒడియాలోనే. సాంగ అంటే స్నేహితుడు, ఒడియా తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇంట్లో తెలుగు "అన్నం తిన్నావా, ఫీజు కట్టావా, మార్కులెన్ని" దగ్గర ఆగిపోతుంది. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో చాలామంది మనసులో మాట చెప్పవలసి వచ్చేసరికి ఒడియాలోకి జారేవాళ్లు, తల్లికి అది సగమే అందేది. వాడు ఒడియాలో చెబితే అడ్డుపడకండి. వినండి, మీరు తెలుగులోనే జవాబివ్వండి.

ఇంకో సంగతి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఇంట్లో ఎవరైనా గుడాఖు అనే పొగాకు ముద్దతో పళ్లు తోముతారా? ఖైనీ, జర్దా వేసుకుంటారా? మా నాయనమ్మ అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పు అంటించిన కొసను నోట్లో పెట్టుకుని, పొగ లోపలికి లాగుతూ, వీధి అరుగు మీద కూర్చునేది. మా అమ్మతో మాట పట్టింపు వచ్చిన రోజు రెండు చుట్టలు ఎక్కువ కాలేవి. తొమ్మిదేళ్ల వయసులో, లెక్కల మాస్టారు కొట్టిన రోజున, నేను ఆ చుట్ట తీసి ఒక పీల్పు పీల్చి అంగిలి కాల్చుకున్నాను. నాకు ఎవరూ నేర్పలేదు, ఏ సాంగా బలవంతపెట్టలేదు. మనసు నొచ్చుకుంటే నోట్లో ఏదో ఒకటి పెట్టుకోవాలన్న పాఠం అరుగు మీదే నేర్చుకున్నాను. అడ్డపొగ అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుందని చాలా ఏళ్ల తరువాత తెలిసింది. ఇంట్లో పొద్దున్నే గుడాఖుతో పళ్లు తోమే పెద్దవాళ్లుంటే, పిల్లవాడి పొట్లం మీద ఉపన్యాసం చెప్పే అర్హత వాళ్లకు ఎంతుందో మీరే చూసుకోండి. గుడాఖు పొగాకు ముద్దే, పళ్లపొడి కాదు.

గుట్కా గురించి మీ అబ్బాయి "అది వేసుకుంటే మనసు కుదుటపడుతుంది" అంటాడు. అది అబద్ధం కాదు, కానీ అందులో మోసం ఉంది. నికోటిన్‌కు అలవాటుపడ్డ ఒంటికి కొన్ని గంటలు అది అందకపోతే చిరాకు, అసహనం, చదువు మీద మనసు నిలవకపోవడం మొదలవుతాయి. మళ్లీ ఒక పొట్లం పడితే అవి పోతాయి. తానే అంటించిన మంటను తానే ఆర్పి మెప్పు పొందుతుందన్నమాట. పిల్లవాడు మాత్రం దిగులు తీర్చింది గుట్కా అనుకుంటాడు. ఇది వాడికి ఒకసారి నింపాదిగా చెప్పి చూడండి. క్యాన్సర్ భయం పదిహేనేళ్లవాడికి యాభై ఏళ్ల దూరంలో ఉన్నట్టుంటుంది, మోసపోయానన్న ఉక్రోషం మాత్రం వెంటనే పనిచేస్తుంది. మానిన రెండు మూడు రోజులు చిరాకు బాగా ఎక్కువగా ఉంటుంది, తరువాత కొన్ని వారాల్లో తగ్గుతుంది. ఆ మూడు రోజులు ఇంట్లో గిన్నె విసిరినా పట్టించుకోకండి.

ఇప్పుడు విడదీయడం సంగతి. పనిలో చేరిన కొత్తలో నేనూ మీలాగే ఆలోచించాను. బరంపురంలో ఒక పదహారేళ్ల పిల్లవాడి తల్లిదండ్రులకు ఫోను లాక్కోండి, ఆ వీధికి పోనివ్వకండి, స్నేహాలన్నీ తెంచేయండి అని గట్టిగా చెప్పాను. వాళ్లు పొల్లు పోకుండా చేశారు. మూడు నెలలకు పిల్లవాడు స్నానాల గదిలో ఒంటరిగా పీలుస్తూ దొరికాడు. జట్టులో ఉన్నప్పుడు పడిపోతే లేపడానికి ఇంకొకడైనా ఉండేవాడు. స్నేహితులను తీసేశాను గానీ నామోషీని, బెంగను అక్కడే వదిలేశానని అప్పుడు తెలిసింది. ఆ తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఇంకా గుర్తుంది.

కాబట్టి నలుగురినీ ఒకేసారి తెంచకండి. ఆ నలుగురిలో ఎవడు మీ ఇంటికి వచ్చి చెప్పులు విప్పి లోపలికి రాగలడో చూడండి. వాడిని పిలిచి టిఫిను పెట్టండి. జట్టులో మానాలనుకునే వాడు ఒకడు తప్పక ఉంటాడు, చెప్పుకోలేక ఊరుకుంటాడు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో చీటీల మీద పేరు లేకుండా రెండు ప్రశ్నలు రాయించేదాన్ని: నువ్వు వాడతావా? మీ తరగతిలో ఎంతమంది వాడతారనుకుంటున్నావు? ఎప్పుడు చూసినా ఊహలోని సంఖ్య అసలు సంఖ్య కన్నా బాగా ఎక్కువ. "అందరూ వేస్తారమ్మా" అని వాడు అన్నప్పుడు వాదించకండి. "పేర్లు లెక్కపెట్టి చెప్పు చూద్దాం" అనండి. వేళ్లు మడుస్తూ ఆరు దగ్గర ఆగిపోతాడు.

వద్దనడానికి వాడికి మర్యాద పోని సాకు కావాలి. "పొగాకు ఆరోగ్యానికి హానికరం" అని నది ఒడ్డున చెప్పిన పిల్లవాడిని నేనింకా చూడలేదు. నోరు పూసింది, మంట పుడుతోంది అనవచ్చు. మా అమ్మ రోజూ నోరు వాసన చూస్తుంది అనవచ్చు. ఆ గయ్యాళి పాత్ర మీరే పుచ్చుకోండి. నా మీద పెట్టి చెప్పరా అని మీరే నేర్పండి. ఇంట్లో ఒకటి రెండుసార్లు సరదాగా ఆడించండి కూడా, మీరు సాంగ వేషం వేయండి. నవ్వుతాడు, పరవాలేదు.

మాట్లాడే వేళ కూడా చూసుకోవాలి. ఎదురుగా కూర్చోబెట్టి కళ్లలోకి చూస్తూ అడిగితే కోర్టులా ఉంటుంది. బియ్యం మిల్లుకు నడుస్తున్నప్పుడో, కూర తరుగుతున్నప్పుడో పక్కపక్కన ఉండి అడగండి. "ఎందుకు చేశావు" అంటే వాడి దగ్గర జవాబు లేదు. "ట్యూబు దొరికింది, భయపడ్డాను. వేసుకునే ముందు ఎలా ఉంటుంది నీకు?" అని అడిగి ఊరుకోండి. మౌనం పావుగంట సాగినా మీరే నింపకండి. మొదటి రోజు ఏమీ చెప్పడు. నాలుగో రోజు వేరే సంగతి చెబుతూ చెబుతూ చెబుతాడు.

టెక్కలి హాస్టల్ ఇప్పుడే వద్దని నా అభిప్రాయం. తప్పినందుకు ఒకసారి నామోషీ పడ్డవాడిని ఊరి నుంచే పంపేస్తే అది రెండోసారి. కొత్త బడిలో మాధ్యమం మారుతుంది, లిపి మారుతుంది, మళ్లీ వెనకబడతాడు. ప్రతి హాస్టల్ వెనకా ఒక నది ఒడ్డు ఉంటుందని కూడా మీ అన్నయ్యకు చెప్పండి. ఆయన ప్రేమను కాదనకుండా, ఆదివారం వచ్చి వాడితో క్రికెట్ ఆడమనండి, లేదా సైకిల్ బాగుచేయించమనండి. మేనమామ ఆ పని చేస్తే హాస్టల్ కన్నా ఎక్కువ.

డాక్టరుకు చూపించడం మాత్రం ఆలస్యం చేయకండి. పీల్చే మత్తు మాన్పించడానికి ప్రత్యేకమైన మాత్ర లేదు. కానీ దాని అడుగున కుంగుబాటో, చదువులో నిలకడ లేకపోవడమో ఉంటే దానికి చికిత్స ఉంది. ముందు జిల్లా ఆసుపత్రిలో అడగండి. అక్కడ కుదరకపోతే బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల మానసిక విభాగం ఉంది. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. కదలలేని రోజున ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీమానస్ 14416కు ఫోను చేయండి, భాష ఎంచుకునే వీలుంది. మత్తు మాన్పించే జాతీయ సహాయ సంఖ్య 14446. పెద్ద తాగుబోతుల మధ్య పిల్లవాడిని పెట్టి తాళం వేసే ప్రైవేటు కేంద్రాలకు మాత్రం పంపకండి. నేను ఆ రంగంలోనే పనిచేసి చెబుతున్నాను.

పోలీసులు పట్టుకుంటారేమోనన్న భయం కూడా మీరు రాశారు. మీ వాడి దగ్గర దొరికినవి గుట్కా, సొల్యూషన్. వాడికి కావలసింది వైద్యం, వైద్యం చేయించడం నేరం కాదు. చట్టం అసలు వేలు చూపేది అమ్మేవాళ్ల మీద. పిల్లలకు పొగాకు, మత్తు ఇచ్చినవాళ్లకు 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. బడికి వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదని 2003 నుంచి చట్టం ఉంది. ఒడిశాలో గుట్కా 2013 నుంచి నిషేధం, అందుకే పాన్ మసాలా ఒక పొట్లం, జర్దా ఒక పొట్లం విడిగా అమ్మి కలుపుకోమంటున్నారు. మీరు ఒక్కరే వెళ్లి కొట్టువాడితో తగవు పడకండి. బడి హెడ్మాస్టరు చేత కాగితం పెట్టించండి.

సూరత్ నుంచి ఫోను వచ్చేముందు ఆయనకు ఒక మాట చెప్పి ఉంచండి. ట్యూబు సంగతి దాచవద్దు, కానీ ఫోనులో దాని మీద తిట్టవద్దు. మార్కులు కూడా ఈ రెండు నెలలు అడగవద్దు. మగ్గం దగ్గర తనకు ఎలా గడుస్తోందో, రాత్రి పనిలో నిద్ర ఎలా ఆపుకుంటున్నారో, తనకు ఇంటి బెంగ ఎప్పుడు వస్తుందో కొడుక్కి చెప్పమనండి. ఆయన కూడా ఖైనీ వేస్తారేమో, అడగండి. వేస్తే తండ్రీ కొడుకులిద్దరూ ఒకే రోజున మానడం మొదలుపెట్టవచ్చు. నేను చూసిన రెండు ఇళ్లలో అది పనిచేసింది. ఒకదానిలో తండ్రి ముందు ఓడిపోయాడు, కొడుకు ఓడిపోలేదు.

వీలైతే ఈ వారంలోనే వాడి నోరు ఒకసారి చూడండి. నోరు తెరిచి మూడు వేళ్లు నిలువుగా పెట్టుకోమనండి. పట్టకపోయినా, కారం తింటే బుగ్గల లోపల మంట అన్నా పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి, గుట్కా వల్ల నోరు బిగుసుకుపోవడం అలాగే మొదలవుతుంది. వేళ్లు పట్టాయో లేదో ఇక్కడే రాయండి, చూస్తుంటాను.